వేడి బండి మీద చెయ్యి

అనగనగా ఒక ఘాటీ, అంటే కొండెక్కే మలుపుల దారి. ఆ ఘాటీ కింద ఒక రేకుల షెడ్డు. ఈ కథలో రాజు లేడు, రాణి లేదు, ఏడుగురు కొడుకులు అసలే లేరు. ఒక పాత తెల్లకారు ఉంది. దాన్ని బాగుచేసే కూర్మయ్య ఉన్నాడు. ఎప్పటి మాట అంటే ఏం చెప్పను? కార్బొరేటర్ల కాలం వెళ్ళిపోయి, ఇంజెక్షన్ బళ్ళు వచ్చి, ఆ బళ్ళు కూడా ముసలివైపోయిన కాలం.

కూర్మయ్యకి నోట్లో నాలుక లేదు. భుజం మీద ఎర్ర తువ్వాలు, ఒంటి మీద నూనె మరకల బనీను, అంతే మనిషి. ఆయనకి పని నేర్పిన గురువు మొహం ఒక పక్క కాలిపోయి ఉండేది. ఘాటీ దిగొచ్చిన లారీ రేడియేటర్ మూత వేడి మీద తీస్తే నీళ్ళు ఎగజిమ్మి కాలిన మొహం అది. అందుకని ఆ గురువు, స్పానర్ చేతికివ్వక ముందే కూర్మయ్య చేత ఒట్టు వేయించుకున్నాడు. వేడి బండి మీద చెయ్యి వెయ్యనని.

ఆ ఒట్టు ఆ ఘాటీకే ఆచారమైపోయింది. ఎవరి బండి దిగొచ్చినా షెడ్డు ముందు ఇంజన్ ఆపేయాలి. చక్రాల మీద చెంబుడు నీళ్ళు పోసి, పోయి టీ తాగి రావాలి. పొలం నుంచి వచ్చిన ఎడ్లకి కాడి దించినట్టన్నమాట. బండి చల్లారాకే కూర్మయ్య బానెట్ ఎత్తేవాడు. చూసినవాళ్ళకి అదెంతో పద్ధతిగా కనిపించేది. పద్ధతిలోనే కీడు కూర్చుని ఉందని ఎవరికి తెలుసు?

ఆ తెల్లకారు సన్నిబాబుది. ఘాటీకి ఇవతల ఉన్న పల్లెలన్నిటికీ అదొక్కటే కారు. ఆస్పత్రి ఏమో ఘాటీకి అవతల ఉంది. జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులు మొదలైనా సన్నిబాబు కారే దిక్కు.

ఒక రోజు సన్నిబాబు షెడ్డు ముందు కారు ఆపాడు.

"మావా, పరిగెడితే బాగానే పరిగెడతాది. ఎక్కడైనా ఆపితే సలిజొరం వొచ్చినట్టు ఒణుకుతాది. ఒణికి ఒణికి సచ్చిపోతాది," అన్నాడు.

కూర్మయ్య ఇంజన్ ఆపించాడు. నీళ్ళు పోయించాడు. బండి చల్లారింది. స్టార్ట్ చేసి చూస్తే పెంపుడు పిల్లిలా గురగుర తప్ప ఇంకో చప్పుడు లేదు. ఎందుకైనా మంచిదని ప్లగ్గులు మార్చాడు. "చల్లారింది, బాగుంది, తీసుకుపో," అన్నాడు.

కొన్నాళ్ళకి సన్నిబాబు మళ్ళీ వచ్చాడు. అదే ఒణుకు, అదే చావు. కూర్మయ్య ఇంజన్ ఆపించాడు. నీళ్ళు పోయించాడు. బండి చల్లారింది. గాలి వెళ్ళే దారిలో మసి పేరుకుందేమోనని విప్పి, తుడిచి, బిగించాడు. స్టార్ట్ చేస్తే ఒణుకు లేదు. "చల్లారింది, బాగుంది, తీసుకుపో," అన్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు సన్నిబాబు కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. భార్య కొండమ్మకి నెలలు నిండాయి. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు వస్తే ఇంటి దగ్గర ఉంచొద్దని మంత్రసాని ముందే చెప్పేసింది.

"మావా, ఈ బండిని నమ్ముకునే ఉన్నాను. ఘాటీ మీద ఆగిపోతే నానేటి సెయ్యాల?" అన్నాడు.

మూడుసార్లు తిరిగిన మనిషి ఊరికే తిరగడని కూర్మయ్యకీ తెలుసు. ఆ రోజు బానెట్ లోంచి ఇంకా సెగ వస్తోంది. ఒక్కసారి అలాగే ఎత్తి చూద్దామా అని చెయ్యి ముందుకు పోయింది కూడా. గురువు కాలిన మొహం కళ్ళ ముందు కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బండి చల్లారింది. పెట్రోలు ఫిల్టర్ మార్చాడు, నిలిపినప్పుడు ఆగిపోకుండా ఇంజన్ తిరిగే వేగం, అదే స్లో, కొంచెం పెంచాడు. "చల్లారింది, బాగుంది," అన్నాడు. తీసుకుపో అని మాత్రం అనలేకపోయాడు.

ఆ వారం తిరక్కుండానే కొండమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఎండలో తెల్లకారు షెడ్డు ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ ఘాటీ ఎక్కింది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపులో వెదురు లారీ ఒకటి తిరగలేక రోడ్డుకి అడ్డం పడి ఉంది. సన్నిబాబు బ్రేక్ వేశాడు. కారు ఒణికింది. ఒణికి ఒణికి ఆగిపోయింది.

లారీ ఎలాగో పక్కకి తప్పుకుంది గానీ కారు కదల్లేదు. లారీ మీద కిందికి కబురొచ్చింది. కూర్మయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఎండలో పరుగెత్తాడు. వెళ్ళేసరికి వెనక సీట్లో కొండమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని ఉంది. మంత్రసాని ఆమె నడుం పట్టుకుని ఉంది. సన్నిబాబు తాళం తిప్పుతున్నాడు, ఇంజన్ అందుకుంటోంది, ఒణుకుతోంది, చస్తోంది.

అప్పుడు కూర్మయ్య ఏమన్నాడో తెలుసా? "కాస్త చల్లారనీ," అన్నాడు.

చల్లారింది. స్టార్ట్ అయ్యింది. ఒక మలుపు ఎక్కి, వేగం తగ్గగానే ఆగిపోయింది. మళ్ళీ చల్లారనిచ్చారు. ఇంకో మలుపు ఎక్కి మళ్ళీ ఆగిపోయింది. పొద్దు కొండ మీదికి వాలుతోంది. కొండమ్మ అరుపులు మూలుగులయ్యాయి. మళ్ళీ చల్లారేదాకా ఆగడానికి కూర్మయ్య రాయి మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడికి ఆ మూలుగు కూడా తగ్గిపోవడం వినిపించింది. ఒక్క ఉదుటున లేచాడు. "తాళం తిప్పు," అని గావుకేక పెట్టాడు.

సెగలు కక్కుతున్న ఇంజన్ మీదికి ఒంగి చెవి పెట్టాడు. ఒణికే ఇంజన్ చప్పుడు కింద ఇంకో చప్పుడుంది. బుస్సుమని, సన్నగా. గాలి గొట్టం అడుగున, కంటికి కనపడని చోట, రబ్బరు చీలిపోయి ఉంది. ఇంజెక్షన్ బండి లోపలికి పోయే గాలిని కొలిచి, దానికి తగ్గ పెట్రోలు పోసుకుంటుంది. కొలిచిన చోటు దాటాక చీలిక పడితే, కొలతకి అందని గాలి దొంగలా దూరుతుంది. ఊపిరి ఎక్కువై, తిండి తక్కువై బండి చస్తుంది. చల్లగా ఉన్నంతసేపు ఆ చీలిక మూసుకునే ఉంటుంది. వేడెక్కి రబ్బరు మెత్తబడితే నోరు తెరుస్తుంది. వేడి మీద చూసిన వాడికే అది దొరుకుతుంది.

కూర్మయ్య అరచెయ్యి ఆ చీలికకి అదిమాడు. మణికట్టు కింద ఇనుము కాలుతోంది. తియ్యలేదు. ఒణుకు ఆగిపోయింది. బండి నిలబడింది. అదే చేత్తో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తువ్వాలు చింపి, పీలికతో బిగించి కట్టాడు. ఆ చిన్న పీలికతోనే తెల్లకారు ఘాటీ ఎక్కేసింది, దిగేసింది.

ఆస్పత్రి గుమ్మం ముందు డాక్టరమ్మ కారు దగ్గరికే వచ్చి కొండమ్మ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లబడి ఉంది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు.

సన్నిబాబు కూర్మయ్యని ఒక్క మాట అనలేదు. అని ఉంటే, కొట్టి ఉంటే, కూర్మయ్య మళ్ళీ మనిషయ్యేవాడేమో.

ఆ తర్వాత ఆ షెడ్డులో ఎవరూ ఇంజన్ ఆపలేదు. ఆపబోతే కూర్మయ్య చేతులు జోడించేవాడు. కాలి వంకరపోయిన చెయ్యి సరిగ్గా జోడయ్యేది కాదు. ఉడుకుతున్న ఇంజన్ మీద చెవి పెట్టి, గొట్టాలన్నీ తడిమి చూసేవాడు. బాగుంది అనే మాట మాత్రం మళ్ళీ ఆయన నోట రాలేదు.

ఒక్క కోరిక మిగిలింది ఆయనకి. తెల్లకారులో తాను కట్టింది పీలిక. అది ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది. కొత్త గొట్టం ఒకటి తెప్పించి షెడ్డులో మేకుకి తగిలించాడు. కారు చప్పుడు వినిపిస్తే చాలు, గొట్టం చేత్తో పట్టుకుని రోడ్డు పక్కకి వచ్చి నిలబడేవాడు. కారు ఆగేది కాదు. ఎండల్లో నిలబడ్డాడు, వానల్లో నిలబడ్డాడు, మంచులో నిలబడ్డాడు. సన్నిబాబు తల తిప్పేవాడు కాదు. కారు పోయాక గొట్టం మీద దుమ్ము తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించేవాడు. అలా ఎన్నేళ్ళో.

ఒక వానాకాలం కూర్మయ్య జ్వరంతో పోయాడు. ఎవరికీ కబురు పెట్టే పని కూడా పడలేదు, ఆయనకి ఎవరున్నారు గనక.

దహనమైన మర్నాడు తెల్లకారు ఘాటీ దిగి వచ్చింది. షెడ్డు దాటింది. దాటాక ఆగింది. రోడ్డు పక్కన నిలబడాల్సిన మనిషి లేడు. సన్నిబాబు కారుని వెనక్కి తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. ఇంజన్ ఆపలేదు. దిగి బానెట్ ఎత్తాడు. పీలిక ఎరుపంతా పోయి నల్లబడి ఉంది, ముడి మాత్రం వదల్లేదు.

ఖాళీ షెడ్డు వైపు తిరిగి, "బండి వేడి మీదుంది మావా. సూడు," అన్నాడు.

చూసేవాడేడి? సన్నిబాబు మేకుకున్న గొట్టం తీసుకుని గుండెకి హత్తుకుని, ఆ రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. కొండమ్మ పోయిన రోజు రాని ఏడుపు అది.

షెడ్డు రేకులు ఎప్పుడో గాలికి పోయాయి. ఆ మేకున్న గుంజ మాత్రం ఉంది. ఇప్పటికీ ఘాటీ ఎక్కబోయే డ్రైవర్లు అక్కడ బండి ఆపుతారు, ఇంజన్ ఆపరు. బానెట్ ఎత్తి, గుంజకి ఎర్ర పీలిక కట్టి, "వేడి మీదుంది మావా, సూడు," అంటారు. అని ఇంజన్ మీదికి ఒంగి చెవి పెట్టి వింటారు. పురిటి మనిషి బండిలో ఉన్న రోజున మాత్రం ఎవరూ ఆపరు. మావకి తెలియకూడదని హారన్ కూడా కొట్టకుండా, ఆ గుంజ ముందు నుంచి ఒక్క ఊపున ఎక్కించేస్తారు.