మాణిక్యాంబగారికి నచ్చిన కరపత్రం

"మాస్టారూ, జర్మనీలో అంత చదువుకున్న జనం ఆ నాజీల మాటలు ఎలా విన్నారండీ? అందరూ దుర్మార్గులేనా?" అని మా శేషుబాబు ఒక మధ్యాహ్నం దైవాధీనం మాస్టారిని అడిగాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. ఆయన ఎప్పుడు చెప్పారు కనక. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి తన టీ తాను తాగడం ఆయన అలవాటు. "నువ్వు తెప్పించుకున్న వాళ్ళ కరపత్రాల్లో ఒకటి తెలుగు చెయ్యవయ్యా. చేసి మీ ఇల్లుగలావిడకు చదివి వినిపించు" అన్నారు, అంతే.

అది గుంటూరులో మేం చరిత్రలో ఎం.ఫిల్. చేస్తున్న కాలం. జర్మనీలో బెర్లిన్ గోడ కూలి కొన్నేళ్ళయింది. గుండ్లు గీయించుకున్న కుర్రాళ్ళు కొందరు పాత నాజీ జెండాలు మళ్ళీ బయటికి తీసి, పరాయి దేశాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళ ఇళ్ళకు నిప్పు పెడుతున్నారని పేపర్లో వచ్చేది. శేషు ఆ గుంపుల మీద పరిశోధనకు దిగాడు. "మిరపకాయల ఊళ్ళో కూర్చుని జర్మనీ గొడవ నీకెందుకు శేషూ" అని నేను ఏడిపించేదాన్ని. ఢిల్లీలో ఎవరో లైబ్రేరియన్ని బతిమాలి ఆ గుంపులవాళ్ళ కరపత్రాలకు ఇంగ్లీషు అనువాదాలు తెప్పించుకున్నాడు. ఇంటర్నెట్ లేని రోజులు. పోస్టులో ఒక్క జిరాక్సు కట్ట వస్తే చాలు, ఎవరి టాపిక్ అయినా సరే అందరం చుట్టూ మూగి చదివేవాళ్ళం. పెచ్చులూడిన ఆ గది, కిర్రుమనే ఫ్యాను, మాస్టారి ఫ్లాస్కులోంచి వచ్చే అల్లం వాసన, అవేవీ ఇప్పుడు లేవు. మాస్టారూ లేరు. తల్చుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఆయన దగ్గర చేరినవాళ్ళకు ఒక నియమం ఉండేది. ఇంగ్లీషులో ఏమైనా రాసుకోవచ్చు గానీ, ఏడాదికోసారి ఊరి గ్రంథాలయంలో అదే విషయం తెలుగులో మాట్లాడాలి. వినేది రిటైరైన తాసీల్దార్లు, ప్లీడర్లు, పత్తి వ్యాపారులు, వాళ్ళ వెనక పేపరు చదువుకోవడానికి వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు. దానికి ముందు మన చదువుతో సంబంధం లేని మనిషికి ఒకసారి చదివి వినిపించాలి. ఆ మనిషి ఆవలించిన చోటల్లా కొట్టెయ్యాలి. నా వ్యాసం మా మేనత్త విన్నప్పుడు మొదటి పేరాకే నిద్రపోయింది.

శేషు ఇల్లుగలావిడ మాణిక్యాంబగారు. భర్త పోయాక బ్రాడీపేటలో ఉన్న ఆ పాత ఇంట్లో ముందు వాటాలో తనుండి, మేడమీద గది శేషుకి, పెరట్లో గది బసంత అనే ఒడియా ప్లంబరుకి అద్దెకిచ్చింది. బసంత భార్య మినతికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. మాణిక్యాంబగారు ఎంత మంచిదంటే, శేషుకి పచ్చకామెర్లు వస్తే ఊరికి వెళ్ళనివ్వకుండా తనే పథ్యం వండి పెట్టింది. ఒకసారి అతని జిరాక్సుల మీద స్వస్తిక్ గుర్తు చూసి, "భక్తిగల పిల్లాడివి నాయనా, కానీ ఎవరో వంకరగా వేశారు, సరిగ్గా వెయ్యమను" అందట. ఆ ముక్క చెప్పుకుని మేం వారం పాటు నవ్వుకున్నాం.

ఇంగ్లీషు పేజీ ఒకటి తెలుగు చెయ్యమంటే రోజుల తరబడి తల పట్టుకునే శేషు, ఆ కరపత్రాన్ని ఒక్క పూటలో పూర్తి చేశాడు. డిక్షనరీ ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదన్నాడు. పైగా ఉపన్యాసానికి ఒక తెలివైన ఎత్తు వేశాడు. ముందు కరపత్రం చదవాలి, అది ఏ దేశానిదో చెప్పకూడదు. జనం ఆసక్తిగా వింటుండగా అప్పుడు అసలు సంగతి, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలి. మాణిక్యాంబగారు బియ్యంలో రాళ్ళు ఏరుతుండగా ఎదురుగా కూర్చుని చదివాడు.

"ముందు ఒకడొస్తాడు. ఒక మూల ఇంత చోటడుగుతాడు. వాడి వెనక పదిమంది దిగుతారు. మన పని వాళ్ళదవుతుంది, మన నీళ్ళు వాళ్ళవవుతాయి, చివరికి మన వీధిలో మన మాట వినపడదు. మనం మంచివాళ్ళం కాబట్టే ఇదంతా జరిగింది."

అక్కడికి వచ్చేసరికి లోపల పాలు పొంగాయి. ఆవిడ లేస్తూ, "మిగతాది తర్వాత వింటాలే నాయనా. ఇంత బాగా రాస్తావనుకోలేదు" అంది. శేషు మురిసిపోయి మర్నాడు డిపార్ట్‌మెంటుకి వచ్చాడు.

"ఎక్కడ ఆవలించింది?" అన్నారు మాస్టారు.

"ఎక్కడా ఆవలించలేదండీ. రాళ్ళేరడం కూడా ఆపేసింది."

మాస్టారు కప్పు కింద పెట్టి, "ఆపేసిందా" అని మాత్రం అన్నారు.

ఆ ఆదివారం శేషు పెరట్లోకి వెళితే బసంత గిన్నెలు దుప్పట్లో మూట కడుతున్నాడు. మినతి గడపలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని మాణిక్యాంబగారు చెప్పేసింది. పురిటి రోజులు దగ్గరపడిన మనిషికి మా ఊళ్ళో అద్దెకు గది దొరకడమంటే మాటలు కాదు. పురుడూ మైలా అని తలుపు దగ్గరే పంపేస్తారు. శేషు పరిగెత్తుకుంటూ ముందు వాటాలోకి వెళ్ళి ఇదేమిటి పిన్నిగారూ అని అడిగాడు.

"నువ్వేగా నాయనా చెప్పావు" అంది ఆవిడ. "ఇవాళ వీడు. రేపు వీడి తమ్ముడట. కాన్పుకి వాళ్ళ అత్తగారట. నేను మంచిదాన్ని కాబట్టే నెత్తికెక్కుతున్నారు. ఇన్నాళ్ళూ నా మనసులో ఉన్నదే, చెప్పడానికి నాకు మాటలు రాలేదు. నువ్వు రాశావు."

"అది మన ఊరి గురించి కాదండీ. జర్మనీలో ఎవరో దుర్మార్గులు రాసింది."

"ఎక్కడివాళ్ళు రాస్తేనేం, ఉన్నమాటే రాశారుగా."

ఆ మర్నాడు శేషు ఫైలు తెచ్చి మాస్టారి బల్లమీద పడేశాడు. మొహం పీక్కుపోయి ఉంది. "నాకిక ఈ టాపిక్ వద్దు మాస్టారూ. ఇంకేదైనా ఇప్పించండి. శాతవాహనుల నాణేలిచ్చినా సరే" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. అతన్ని అలా చూడటం నాకు చాలా కష్టమనిపించింది. మాస్టారు అంతా విని, ఫ్లాస్కులోంచి అతనికీ ఇంత టీ పోశారు.

"ఆవిడ దుర్మార్గురాలా?" అని అడిగారు.

"అయ్యో, అదేం మాటండీ. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు..." అని మొదలుపెట్టి శేషు మధ్యలో ఆగిపోయాడు. మాస్టారు, "మిగతాది ఆవిడకు చదివావా?" అన్నారు. లేదన్నాడు శేషు. "వింటానందిగా. వెళ్ళి చదువు" అన్నారు.

వెళ్ళాడు. బతిమాలి కూర్చోబెట్టాడట. కరపత్రం తర్వాత శేషు రాసుకున్న మిగతా భాగంలో ఉన్నది ఇదీ. ఒక ఊళ్ళో గోడలనిండా ఆ కాగితాలు అంటించారు. కొన్నాళ్ళకు వలసవాళ్ళు అద్దెకుండే ఒక ఇంటికి నిప్పు పెట్టారు. పై అంతస్తులో ఉన్న తల్లీ పిల్లలూ కిందికి దిగలేకపోయారు. చదవడం అయ్యాక మాణిక్యాంబగారు పెరటి వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఆ ఇల్లుగలావిడ ఏం చేసింది?"

"ఏ ఇల్లుగలావిడండీ?"

"ఎవరిదో ఒకరిది ఇల్లుంటుంది కదా, వాళ్ళకి అద్దెకిచ్చినావిడ. గోడలమీద అంత రాద్ధాంతం జరుగుతుంటే చూసే ఉంటుంది. ఏం చేసింది?"

శేషు కాగితాలన్నీ తిరగేశాడు. దొరకలేదు. తెలీదండీ అన్నాడు. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళింది. "బసంతా, ఆ వెనక కొళాయి కారుతోంది. ఇవాళే కాదులే, కాన్పయ్యాక తీరిగ్గా చూద్దువుగాని. మీ అత్తగారు ఎప్పుడొస్తుంది?" అని అడగడం శేషుకి వినిపించింది. తప్పయిందని ఆవిడ అనలేదు. అలా అనడం ఆవిడకు రాదు. మినతికి ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మొదట నీళ్ళు పోసింది కూడా మాణిక్యాంబగారే, అయితే ఒడియావాళ్ళ పద్ధతుల మీద ఆ అత్తగారితో రోజూ తగువే.

శేషు ఫైలు మళ్ళీ తెరిచాడు. గ్రంథాలయంలో ఉపన్యాసం దగ్గరపడుతుంటే ఒకరోజు దిగులుగా వచ్చి మాస్టారి ముందు కూర్చున్నాడు.

"కరపత్రంతో మొదలుపెట్టడానికి భయంగా ఉంది మాస్టారూ. ఆ ఇల్లుగలావిడతో మొదలుపెడదామంటే ఎంత వెతికినా ఒక్క ముక్క లేదు. రాసినవాడి గురించి ఉంది, నిప్పు పెట్టినవాడి గురించి ఉంది, కాలిపోయినవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఆవిడ గురించి ఎవరూ రాయలేదు. తెలీని మనిషి గురించి ఏం చెప్పను?"

మాస్టారు ఫ్లాస్కు మూత బిగిస్తూ అన్నారు.

"ఇక్కడావిడ నీకు తెలుసు కదయ్యా. ఆవిడతో మొదలుపెట్టు."