జింకపిల్ల అమ్మను పిలవదు

ఒకప్పుడు జింకపిల్లలంత వాగుడుకాయలు అడవి మొత్తంలో లేవు. ఆకలేస్తే "మే", చలేస్తే "మే", ఏమీ తోచకపోయినా "మే".

అలా అరవడం వాటికి అవసరమే మరి. అవి ఉండేది చలికొండల మీది పైన్ అడవిలో. మిట్టమధ్యాహ్నం కూడా మసక చీకటిగా ఉండేంత చిక్కటి అడవి అది. తల్లి నాలుగడుగులు వేస్తే చాలు, పిల్లకు కనపడదు. పిల్ల "మే" అంటే తల్లి పరుగెత్తుకొచ్చేది.

ఆ కొండ కింద మాచన్న అనే వేటగాడు ఉండేవాడు. అతని బాణాలు చెట్లకు తగిలేవే తప్ప జింకలకు తగిలేవి కావు. రోజూ ఉత్తచేతులతో ఇంటికొచ్చేవాడు. ఒకరోజు చెట్టు చాటున కూర్చుని జింకపిల్ల అరుపు విన్నాడు. ఓ మొక్క నుంచి వెడల్పాటి ఆకు తుంచి, పెదాల మధ్య పెట్టి ఊదాడు. "మే..."

ఒక తల్లిజింక నేరుగా అతని ముందుకే వచ్చి నిలబడింది. ఇక గురి చూసే పనే లేకపోయింది.

సాయంత్రం కూర ఉడుకుతుంటే అతని భార్య పోలమ్మ అడిగింది. "ఎట్టా దొరికిందయ్యా?"

మాచన్న నవ్వుతూ ఆకు ఊది చూపించాడు. పోలమ్మ ఒళ్లో బిడ్డను గట్టిగా పొదువుకుంది.

"పాడు పని! ఆ పిలుపు వింటే ఏ తల్లైనా ఆగుద్దా? ఇంకెప్పుడూ ఊదమాక."

"ఆగదు కాబట్టేగా పిచ్చిదానా, మనకీ కూర!"

మాచన్న ఊదుతూనే ఉన్నాడు. తల్లులు వస్తూనే ఉన్నాయి. రాలిన పైన్ ఆకులు మెత్తగా పరుచుకున్న నేల మీద అతని అడుగుల చప్పుడైనా వాటికి వినపడేది కాదు, పాపం.

చివరికి మిగిలిన జింకలన్నీ వాగు దగ్గర కూడాయి. "వాడు మన పిల్లల గొంతుతో పిలుస్తున్నాడు. 'మే' అని వినిపిస్తే ఎవరూ కదలొద్దు" అంది ముసలి జింక.

"నిజంగా నా పిల్లే పిలిస్తే?" అంది చుక్కి అనే తల్లిజింక.

"అప్పుడూ కదలొద్దు. వాడి అరుపుకీ నీ బిడ్డ అరుపుకీ తేడా నీకు తెలుస్తుందా?"

చుక్కికి తెలియదు.

మర్నాడు చుక్కి మేతకు వెళ్లింది. కాసేపటికి "మే" అని వినిపించింది. అది తలెత్తి చెవులు రిక్కించింది. కాళ్లు అటే లాగాయి. "వాడే, వాడే" అనుకుంటూ బిగబట్టుకుని నిలబడింది. మళ్లీ "మే". మళ్లీ. తర్వాత ఆగిపోయింది.

తిరిగొచ్చేసరికి పిల్ల పడుకున్న చోట నక్క అడుగులున్నాయి. గడ్డి మీద నెత్తురుంది.

"నా బిడ్డే పిలిచింది! నన్నే పిలిచింది!" అని చుక్కి గుండెలు పగిలేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని తల్లులన్నీ తమ పిల్లల దగ్గరకు పరుగెత్తి, ఒక్కొక్కటీ తన బిడ్డతో చెప్పింది.

"ఇక నన్ను పిలవొద్దు నాన్నా. ఆకలేసినా, భయమేసినా పిలవొద్దు. 'మే' అని వినిపిస్తే అది నువ్వో వాడో నాకు తెలియదు. వస్తే నాకు చావు, రాకపోతే నీకు చావు. కదలకుండా పడుకో. నేనే వస్తా."

"నువ్వు రాకపోతే?" అని అడిగిందో బుల్లి జింక.

తల్లి దాని మొహం నాకింది.

అప్పటినుంచే, తల్లి మేతకు వెళ్లాక జింకపిల్ల గడ్డిలో బిగుసుకుని పడుకుంటుంది. నక్క పక్కనుంచే పోయినా కిక్కురుమనదు. తల్లి ఏ వేటగాడికో చిక్కి తిరిగిరాని రోజున కూడా అది అమ్మను పిలవదు. అలాగే చూస్తూ పడుకుంటుంది.