ముంగిస నాటిన ఇసుకపూలు

ఎర్రగుట్టల అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, ముంగిసలు బతికేవి. అడవి అంచున రాళ్లతో నిండిన వాలు ఒకటుంది. దానికి ఒక పక్క బండెమ్మ అనే ముసలి తాబేలు, మరో పక్క చిటికెయ్య అనే ముంగిస కాపురం ఉండేవారు.

చిటికెయ్యకు అందరి మీదా అనుమానమే. కుందేలు పలకరిస్తే, "నాతో ఏదో పనిబడింది" అనుకునేవాడు. పలకరించకపోతే, "నా దగ్గర ఏదో దాస్తోంది" అనుకునేవాడు. తల్లి లేని తన పిల్లలిద్దరినీ గడప దాటనిచ్చేవాడు కాదు.

కిందటి వానలకు గులకరాళ్లు జారి అతని బొరియ సగం పూడిపోయింది. బండెమ్మ వైపు మాత్రం ఒక్క రాయీ కదలలేదు. అక్కడ రాళ్ల సందుల్లో ఇసుకపూల మొక్కలు పచ్చని చాపలా అల్లుకుని ఉండేవి. చిన్న చిన్న తెల్లని పూలు పూసేవి. ఒకసారి నాటితే ఏటేటా వాటంతట అవే చిగురించేవి.

చలి తగ్గగానే బండెమ్మ కొన్ని పిలకలు నోట కరుచుకుని వచ్చింది.

"నాయనా, వీటిని నీ వాలు మీద నాటుకో. వీటి వేళ్లు రాళ్లను పట్టి ఉంచుతాయి."

చిటికెయ్య కళ్లు చిన్నవయ్యాయి. "ఊరికే ఇస్తున్నావా అవ్వా? ఇందులో నీకేంటి లాభం?"

"గుబురు మరీ ఒత్తుగా పెరిగితే నడుమ ఎండిపోతుంది. విడదీసి ఎక్కడో ఒకచోట నాటాల్సిందే. ఆ చోటు నీదైతే మంచిదే కదా! ఇసుకలో గులకరాళ్లు కలిపి నాటు. ఎరువు వేయకు. నీళ్లు కొంచెమే పొయ్యి. మొదలు దగ్గర తడి నిలిస్తే బతకవు."

ఆమె వెళ్లిపోయింది. చిటికెయ్య పిలకలను అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు. "ఎరువు వద్దట, నీళ్లు వద్దట! మొక్కను పస్తు పెట్టమంటోంది. నావి చస్తే తనవే అందంగా కనిపిస్తాయి. అదీ సంగతి!"

మర్నాడు తుప్ప చాటున నక్కి బండెమ్మను గమనించాడు. ఆమె మొక్కల మొదళ్ల చుట్టూ సన్న గులకరాళ్లు సర్దుతోంది. ఎరువు వేయలేదు, నీళ్లూ పోయలేదు.

"నేను చూస్తున్నానని తెలిసి నాటకమాడుతోంది" అనుకున్నాడు.

అతడు వాగు నుంచి బురదమట్టి మోసుకొచ్చాడు. దుప్పుల పేడ కలిపాడు. పూటపూటా నీళ్లు పోశాడు. పది రోజుల్లో పిలకలు ఏపుగా లేచాయి. చిటికెయ్య మీసాలు దువ్వుకుని, "చూశారా, ముసల్ది మనల్ని మోసం చేయబోయింది!" అని పిల్లలకు చూపించాడు.

నెల తిరగకుండానే ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. మొదళ్లు నల్లబడ్డాయి. అతడు రుసరుసలాడుతూ బండెమ్మ దగ్గరికి పోయాడు.

"కుళ్లిన పిలకలు ఇచ్చావు కదూ?"

"ఒకదాన్ని పీకి వేరు చూశావా నాయనా? తడి ఎక్కువైందేమో. ఆ మట్టి తీసేసి, బతికున్నవాటిని ఇసుకలో నాటు. ఇంకా సమయం ఉంది."

"మళ్లీ నన్ను ఆడించాలని చూస్తున్నావా?" అని చిటికెయ్య గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. మొక్కలన్నీ చచ్చాయి.

తొలకరి విరుచుకుపడింది. మధ్యాహ్నం చిటికెయ్య ఎరకోసం వెళ్లి ఉండగా వాలంతా గడగడమని కదిలింది. పరుగెత్తుకొచ్చి చూస్తే బొరియ నోరు కనబడలేదు. లోపల పిల్లలున్నారు! అతడు గోళ్లు చిట్లేలా తవ్వాడు. పక్కన ఎవరో రాళ్లు తోస్తున్న చప్పుడైంది. బండెమ్మ! డొప్పతో ఒక్కో రాయినీ నెడుతోంది.

చాలాసేపటికి ఇద్దరు పిల్లలూ దగ్గుతూ బయటపడ్డారు. బొరియ మాత్రం పూర్తిగా పోయింది.

"నా బండ కింద చోటుంది, రండి" అంది బండెమ్మ.

పిల్లలు ఆమె వెంట నడిచారు. చిటికెయ్య వానలో తడుస్తూ అలాగే నిలబడ్డాడు. "నీకేంటి లాభం?" అన్న మాట నోటి దాకా వచ్చింది. చీలిన తన గోళ్లు చూసుకున్నాడు. గీసుకుపోయిన ఆమె డొప్ప చూశాడు. ఆ మాట మింగేసి తల దించుకున్నాడు.

"అవ్వా, ఆ మొక్కలు ఎలా నాటాలో ఇంకోసారి చెప్పవూ?"

"మళ్లీ చలి తగ్గే దాకా ఆగాలి నాయనా" అంది బండెమ్మ. "ఈలోగా ఇసుక, గులకరాళ్లు పోగుచేసుకో."

నీతి: మంచి చెప్పినవారిని అనుమానించి పెడచెవిన పెడితే, నష్టపోయేది మనమే.