గాలి తన దిష్టి తానే తీసుకుంటే

ఒకప్పుడు గాలికి గుండ్రంగా తిరగడం తెలియదు. తిన్నగా వచ్చేవాడు, తిన్నగా పోయేవాడు. వాడు గంగమ్మకు, అంటే సముద్రం తల్లికి, పెద్దకొడుకు. వాన వాడి చెల్లెలు.

ఎండలు ముదిరాక వాన వస్తే, ఒడ్డున ఉండే బంగారమ్మ చేతులు చాచి, "వచ్చావా నా తల్లీ! ఎంత చల్లగా ఉన్నావే!" అనేది. వెనకే గాలి వస్తే, "పాడు గాలి! కప్పు మీద తాటాకులన్నీ లేపేశాడు" అని తిట్టేది.

అందరి కళ్లూ వాన మీదే. అందుకని గంగమ్మ సాయంత్రం కాగానే కూతుర్ని కూర్చోబెట్టి, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని చుట్టూ తిప్పి దిష్టి తీసేది. సముద్రం కదా, ఉప్పుకేం కొదవ!

అది చూసి గాలికి కడుపు మండిపోయేది.

"అమ్మా, నాకూ తియ్యవే."

"నీకెవరు దిష్టి పెడతార్రా? నిన్ను చూస్తే అందరూ తలుపులేసుకుంటారు!"

వాన కిసుక్కున నవ్వింది. "అన్నయ్యకి దిష్టి కాదమ్మా, తాడు కట్టాలి."

గాలికి రోషం వచ్చింది. "నువ్వు తియ్యకపోతే నేనే తీసుకుంటా!" అంటూ గుప్పెడు ఉప్పు లాక్కుని తన చుట్టూ తానే తిరగడం మొదలెట్టాడు.

ఎవరి దిష్టి వాళ్లు తీసుకోకూడదు. చాలు అని చెప్పడానికి ఇంకొకరు ఉండాలి. గాలికి చెప్పేవాళ్లు లేరు. తిరిగాడు, తిరిగాడు, ఇక ఆగలేకపోయాడు. చెల్లెలి జుట్టు పట్టుకుని ఆమెనూ తిప్పేశాడు. తెప్పలు ఎగిరిపడ్డాయి. కొబ్బరిచెట్లు నేలకు వంగాయి.

"అమ్మా, ఆగలేకపోతున్నానే!"

గంగమ్మ ఆ సుడి నడుమకు తలెత్తి, "ఇటు చూడు నాయనా. నిన్నే చూస్తున్నాను" అంది.

అమ్మ చూపు పడ్డ చోట గాలి కుదుటపడ్డాడు. ఆకు కదల్లేదు. పైన నీలంగా ఆకాశం కనిపించింది.

"గాలి పోయిందోచ్!" బంగారమ్మ మనవలు బయటికి ఉరకబోయారు.

"ఆగండర్రా!" బంగారమ్మ వాళ్ల చొక్కాలు పట్టి లోపలికి లాగింది. "నేనూ ఇద్దర్ని పెంచాను. అమ్మ రెండోబిడ్డ వైపు తిరిగితే వీడు ఊరుకుంటాడా?"

అంతలోనే వాన ఏడ్చింది. "అమ్మా, నా జుట్టు!"

గంగమ్మ అటు చూసింది. చూసిందో లేదో, గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ లేచాడు.

అప్పటినుంచే తుఫాను గుండ్రంగా తిరుగుతుంది. అప్పటినుంచే దాని నడుమ ప్రశాంతమైన కన్ను ఒకటి ఉంటుంది. ఆ కన్ను పక్కకు మళ్లగానే గాలి మళ్లీ వస్తాడు, చెల్లెలి జుట్టు వదలకుండా.