లింగస్వామి చేతులు

ప్రశ్న అడిగితే కొందరు గురువులు సమాధానం చెబుతారు, కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. మా నర్సింగ్ స్కూల్లో సలోమి మేడమ్ ఒక రోగి పేరు చెప్పేవారు. ఆ పేరు గల మనిషి ఎలా వచ్చాడో, ఎలా పోయాడో చెప్పి ఊరుకునేవారు. అర్థం తేల్చుకోవడం మా పని. ఇంటర్ రోజుల్లోనే వేదికలెక్కి ఎదుటివాళ్ల నోళ్లు మూయించి వచ్చిన మా క్లాసు వెన్నెలకు ఈ పద్ధతి గిట్టేది కాదు. వాదానికి వాదమే జవాబు కావాలి ఆమెకు. కథ చెబితే తప్పించుకున్నట్టే లెక్క.

ఆ మధ్యాహ్నం ఆమె లేచి నిలబడినప్పుడు మాలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల వార్డులో ఉదయం ఆమె ఒక రోగి తల్లితో ఏదో చెప్పబోతుంటే మేడమ్ మధ్యలో ఆపేశారు. ఆ మంట ఇంకా ఆరలేదు.

"మేడమ్, నాకు తెలిసిన నిజాన్ని రోగి మనుషులకు చెప్పకుండా ఆపే హక్కు ఎవరికుంది? దాచడాన్ని మీరు జాలి అంటారు. నేను చిన్నచూపు అంటాను. వాళ్లు పల్లెవాళ్లు, చదువు లేనివాళ్లు, తట్టుకోలేరు అని మనమే తీర్మానించేసి, వాళ్ల తరఫున మనమే నోరు మూసుకుంటున్నాం."

మా అందరి మనసుల్లో ఉన్న మాటే అది. మేడమ్ పుస్తకం మూశారు.

"సోమనర్సయ్య," అన్నారు.

వెన్నెల కూర్చుంది. కూర్చునే ముందు నావైపు చూసి పెదవి విరిచింది.

సోమనర్సయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. వానకు నానిన చెట్టు మీద, నడుముకూ మానుకూ కలిపి వేసుకునే మోకు జారి, మట్టల దగ్గర నుంచి నేల మీదికి వచ్చి పడ్డాడు. పక్క చెట్టు మీద లింగస్వామి ఉన్నాడు. వరసకు బావమరిది. చెట్టెక్కడం ఇద్దరూ ఒకే వయసులో, ఒకే తాళ్లవనంలో నేర్చుకున్నారు. లింగస్వామి దిగి వచ్చేసరికి సోమనర్సయ్య మాట్లాడుతున్నాడు, తిడుతున్నాడు కూడా. అంబులెన్స్ కోసం ఆగాలని లింగస్వామికి తోచలేదు. తోచినా ఆ పొలం గట్ల మీదికి అది వచ్చేది కాదు. బావను ఎత్తి భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు. అటుగా వచ్చిన మోటార్ సైకిల్ ఆపి, నడిపేవాడి వెనక అతన్ని కూర్చోబెట్టి, తాను ఆ వెనక కూర్చుని, పడిపోకుండా వాటేసుకుని, గుంతల దారిలో ఆసుపత్రికి తెచ్చాడు. తెచ్చేసరికి ప్రాణం ఉంది. మెడ ఎముక విరిగింది. మాట్లాడగలడు, మోచేతులు మడవగలడు, అంతే. ఛాతీ నుంచి కింద ఉన్న ఒళ్లు అతని మాట వినడం మానేసింది.

ఇలాంటి మనిషిని బతికించే మందు ఏమిటో మా పాఠాల్లో ఉంది. పక్కకు తిప్పడం. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు, కాసేపు వెల్లకిలా, పగలూ రాత్రీ. మనం నిద్రలో కూడా ఒత్తిగిల్లుతూ ఉంటాం, ఒళ్లు నొప్పిపెట్టి చెబుతుంది కాబట్టి. అతని ఒళ్లు చెప్పదు. కదలకుండా ఒత్తిడి పడ్డ చోట రక్తం ఆడదు, తోలు నల్లబడుతుంది, లోపల కండ కుళ్లుతుంది, కుళ్లుతున్నట్టు అతనికే తెలియదు. ఈ తిప్పడం నర్సు పని అని పుస్తకంలో ఉంటుంది. వార్డు నిండా మంచాలు, డ్యూటీకి ఒక్క నర్సు ఉన్న చోట అది రోగి వెంట వచ్చిన మనిషి పని అవుతుంది. వెంట మనిషి లేనివాడికి ఏమవుతుందో పుస్తకంలో ఉండదు.

సోమనర్సయ్యకు మనిషి ఉన్నాడు. భార్య యాదమ్మ ఊళ్లో పిల్లల దగ్గర ఉండి కూలికి పోయేది, ఆదివారాలు వచ్చి చూసిపోయేది. లింగస్వామి చెట్లు వదిలేసి మంచం పక్కన చాప వేశాడు. ఎముక కుదురుకుందని, ఇక తిప్పవచ్చని డాక్టర్ చెప్పాక సలోమి మేడమే అతనికి తిప్పడం నేర్పారు. తల పట్టుకోవడానికి పక్క మంచం వాళ్లనెవరినైనా నిలబెట్టుకోవాలి. తల, భుజం, నడుము ఒకేసారి, ఒక్క దుంగలా దొర్లాలి. ఈడ్వకూడదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. లింగస్వామికి రెండోసారి చెప్పే పని లేకపోయింది. మానును పట్టుకుని బతికిన చేతులవి.

"ఇటు తిరుగు బావా. పొద్దటిసంది ఆ గోడనే చూడవడితివి, దానికి సిగ్గయితలేదా," అనేవాడు తిప్పుతూ.

"నీ మొఖం జూసుడు కంటే గోడే నయం రా."

"నిన్ను దొర్లిచ్చుడు కంటే తాటిమొద్దును దొర్లిచ్చుడు నయం. అది తిట్టదు."

"మొద్దు కల్లు గూడ అడగదు. నువ్వు బయటికి పోయి తాగొచ్చి నాకు వాసన సూపిస్తున్నవు."

వార్డంతా నవ్వేది. పెద్ద డాక్టర్ తన విద్యార్థులను పిలిచి సోమనర్సయ్య వీపు చూపించేవాడు. ఎక్కడా ఎర్ర మచ్చ కూడా లేదు. అలాంటి వీపు ఉన్నవాడు మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి ఇంటికి చేరతాడు. సోమనర్సయ్యా చేరేవాడే. మోచేతుల బలంతో కుర్చీ తోసుకోవడం నేర్పిస్తామని మేడమ్ మాట ఇచ్చి ఉన్నారు. బావాబావమరుదులిద్దరూ అప్పటికే పని పంచుకున్నారు: లింగస్వామి చెట్టెక్కి గీసి దింపాలి, సోమనర్సయ్య కుర్చీలో కూర్చుని అమ్మాలి. "కాళ్లు నావి, నోరు నీది," అనేవాడు లింగస్వామి.

ఇంతలో మేడమ్ పరీక్షల డ్యూటీ మీద వేరే ఊరు వెళ్లారు. ఆ సమయంలో పద్మజ అనే సీనియర్ విద్యార్థిని వార్డులో రోగుల మనుషులను కూర్చోబెట్టి ఆరోగ్య పాఠం చెప్పింది. బాగా చదివే పిల్ల, బాగా మాట్లాడే పిల్ల. వెన్ను దెబ్బ తిన్నవాడిని లేపి కూర్చోబెట్టకూడదని, మెడ వంగనివ్వకూడదని, నలుగురూ కలిసి ఒకేసారి ఎత్తి చెక్క మీదికో తలుపు మీదికో చేర్చి, ఎత్తుపల్లం లేకుండా మట్టసంగా పడుకోబెట్టి తేవాలని చెబుతోంది. మధ్యలో లింగస్వామి అందుకున్నాడు. బావను తెచ్చిన ముచ్చట వార్డులో అతను చెప్పని మనిషి లేడు. చెప్పేటప్పుడు ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది.

"మేమైతే చెక్కలు గిట్ల ఏం జూడలే సిస్టరమ్మా. భుజాన ఏస్కొని ఉరికిన, బండి మీద కూసోబెట్టి పట్కొచ్చిన. లేపుతుంటే వద్దురా అనుకుంట కాలుతోటి నన్నొక తన్ను గూడ తన్నిండు."

అందరూ నవ్వారు. పద్మజ నవ్వలేదు.

"తన్నాడా? అంటే అప్పటికి కాళ్లు ఉన్నాయి."

లింగస్వామికి అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా చెప్పింది.

"చూడన్నా, పడ్డప్పుడు విరిగింది ఎముక. లోపలి నరం అప్పటికి బాగానే ఉంది, అందుకే తన్నగలిగాడు. నువ్వు ఎత్తి భుజాన వేసుకున్నప్పుడు, బండి మీద కూర్చోబెట్టినప్పుడు, ఆ విరిగిన ఎముక కదిలి నరాన్ని నలిపేసింది. చెక్క మీద తెచ్చి ఉంటే ఇవాళ నడిచేవాడేమో. అందుకే చెబుతున్నా, అందరూ గుర్తుపెట్టుకోండి. వెన్ను దెబ్బ తిన్నవాడిని కదిలించకూడదు."

ఆమె గొంతులో కసి లేదు. ఇంకో తాళ్లవనంలో ఇంకో మనిషికి ఇలా కాకూడదన్న తపనే ఉంది. ఈ మాట కూడా మేడమ్ దాచకుండా చెప్పారు.

లింగస్వామి పారిపోలేదు. పారిపోయి ఉంటే వార్డు గమనించేది, ఆ మంచానికి ఇంకొకరిని చూసేది. అతను చాప మీదే ఉన్నాడు. అన్నం కలిపి తినిపించాడు, ఈగలు తోలాడు, మూత్రం సంచి ఖాళీ చేశాడు. తిప్పడం మాత్రం మానేశాడు. తిప్పబోయి భుజం కింద చెయ్యి పెడితే ఆ చెయ్యి వణికేది. చెట్టు కింద కదిలించకూడని మనిషినే మంచం మీద కదిలించి తీరాలని మేడమ్ ఒకప్పుడు నేర్పిందంతా, కదిలించకూడదన్న ఆ ఒక్క మాట కింద పడి నలిగిపోయింది.

"గోడ మీద సున్నం రాలిందాకా చూస్తి. ఇగ అటు తిప్పురా," అన్నాడు సోమనర్సయ్య ఒకటి రెండుసార్లు, ఎప్పటిలాగే.

"ఉండనీ బావా. కదలకు. గట్లనే ఉండు," అన్నాడు లింగస్వామి. ఆ తర్వాత సోమనర్సయ్య అడగలేదు.

డ్యూటీ నర్సు అటుగా వెళ్తూ, "తిప్పావా?" అని అడిగేది. "తిప్పిన," అనేవాడు లింగస్వామి, నేల చూస్తూ. "ఇప్పుడే తిప్పిండు సిస్టర్," అని మంచం మీది నుంచి సోమనర్సయ్య సాక్ష్యం పలికేవాడు. ఆదివారం వచ్చిన యాదమ్మ, "అన్న ఏంది, మాటా ముచ్చట లేదు?" అని అడిగితే, "చెట్లు యాదికొస్తున్నయి వానికి," అని ఆమెనూ నమ్మించాడు. రోగీ, రోగి మనిషీ ఒకే మాట చెబుతుంటే దుప్పటి ఎత్తి చూసే తీరిక ఆ నర్సుకు లేదు. ఆమె కోసం ఇంకా వార్డెడు మంచాలు ఎదురుచూస్తున్నాయి.

జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము అనుకుని మందు వేశారు. మేడమ్ తిరిగి వచ్చిన రోజు వార్డు గుమ్మంలోనే వాసన పట్టారు. ఇద్దరు విద్యార్థినులను పిలిచి, సోమనర్సయ్యను తానే ఒత్తిగిలబెట్టారు. నడుము కింద ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట, నల్లబడ్డ తోలు దుప్పటికి అంటుకుని ఊడి వచ్చింది. లోపల పిడికిలి పట్టేంత గుంత. గుంత అడుగున తెల్లగా ఎముక. లింగస్వామి గోడకు ఆనుకుని ఆ గుంతనే చూస్తూ నిలబడ్డాడు. తిప్పకపోతే ఇలా అవుతుందని అతనికి తెలుసు. తిప్పితే ఏమవుతుందోనన్న భయం ఇంకా పెద్దది.

పాఠం నాటి సంగతంతా పక్క మంచం వాళ్లు చెప్పారు. మేడమ్ లింగస్వామిని మందులకు పంపి, సోమనర్సయ్య తల దగ్గర కూర్చున్నారు.

"తిప్పడం లేదని నీకు తెలుసు కదా. నర్సుతో ఎందుకు అబద్ధమాడావు?"

"వాని చేతులు సూసినవా మేడమ్, ఎట్ల వణుకుతున్నయో. గవి జూస్కుంట తిప్పురా అని ఎట్లనాలె?"

"అతను ఎత్తినందుకే కాళ్లు పోయాయని ఆ అమ్మాయి చెప్పింది విన్నావా?"

"ఆమె చెప్పేదేంది. నాకెరుకలేదా?" అతను నవ్వబోయాడు. జ్వరానికి పెదవులు పగిలి ఉన్నాయి. "భుజాన ఏస్కున్నప్పుడే మెడల కరెంటు కొట్టినట్టయింది. అటెన్క కాళ్లు లెవ్వు. బండి మీద కూసున్నప్పుడే సమజయింది నాకు."

"మరి ఇన్నాళ్లూ అతనితో ఒక్క మాట అనలేదేం?"

"అని ఏం జేసుకుంట? కాళ్లు ఎట్లా పాయె. చేతులన్న ఉండాలె గద."

పుండు కోశారు, కడిగారు, కట్టు కట్టారు. విషం అప్పటికే రక్తంలోకి ఎక్కింది. సోమనర్సయ్య చనిపోయిన పొద్దున వార్డు బాయ్‌లు స్ట్రెచర్ తెచ్చి, అలవాటు ప్రకారం ఒకడు చంకలు, ఒకడు కాళ్లు పట్టుకున్నారు. లింగస్వామి వాళ్లను ఆపాడు. తలవైపు వెళ్లి ఆ తలను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. "మెల్లగ. మెడ వంగనియ్యకుండ్రి," అన్నాడు. పాఠంలో చెప్పినట్టే, ఎక్కడా తేడా రాకుండా, అందరి చేతా ఒకేసారి ఎత్తించి మట్టసంగా పడుకోబెట్టాడు. చేతులు వణకలేదు.

మేడమ్ అక్కడితో ఆపేశారు. వెన్నెల లేచింది. కళ్లు తడిగా ఉన్నా గొంతు గట్టిగానే ఉంది. ఆమెలో నాకు నచ్చేది అదే.

"మేడమ్, మీరు నేరం నిజం మీదికి నెడుతున్నారు. అతన్ని చంపింది నిజం కాదు. వార్డంతటికీ ఒక్క నర్సును పెట్టినవాళ్లు చంపారు. తిప్పాల్సింది మనం. మన పనిని ఒక గీత కార్మికుడి చేతుల్లో పెట్టి, ఆ చేతులు వణికాయని ఇప్పుడు పద్మజను ముద్దాయిని చేస్తున్నాం."

"ఆ ఒక్క నర్సు మాట సూపరింటెండెంట్ గదిలో నేనూ అన్నాను. నువ్వూ వెళ్లి అను. నాకంటే గట్టిగా అంటావు."

"అయితే పద్మజ చెప్పింది అబద్ధమా?"

"కాదు. ఒక్క అక్షరం కూడా."

"చెప్పకుండా ఉండాల్సిందా?"

"నేనలా అన్నానా?"

"మరి ఆమె చేసిన తప్పేమిటి?"

మేడమ్ మూసిన పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"తప్పో కాదో నువ్వే చెప్పమ్మా. ఆ రోజు వార్డులో పాఠం అయిపోగానే గంట కొట్టారు. పద్మజ లింగస్వామిని అక్కడే వదిలి భోజనానికి వెళ్లిపోయింది."