పన్నెండు మీద ఆగిన రాకుమారుడు

అనగా అనగా నీలవరానికి ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఏడు సముద్రాల అవతల మర్కటాక్షుడనే మాంత్రికుడితో పేకాడి, ఓడి, రాళ్ళయిపోయారు. మిగిలింది చిన్నవాడు ఉదయకేతు. వాడొకచోట నిలవడు. కూర్చుంటే మోకాలు ఆడిస్తాడు, నిలబడితే గోళ్ళు కొరుకుతాడు. అన్నల సంగతి విన్న దగ్గర్నుంచి వాడికి ముద్ద దిగలేదు. ఒక ముసలి తాబేలు వీపెక్కి, "ఇంకెంత దూరం తాతా? ఇంకెంత దూరం?" అంటూ ఏడు సముద్రాల పొడుగునా దాని ప్రాణం తోడేశాడు.

అవతలి ఒడ్డున మాంత్రికుడు చాప పరిచి కూర్చున్నాడు. పక్కన పంజరంలో చిలుక. ముక్కలు పంచేది కూతురు చంపకవల్లి.

"ఈ ఆట పేరు ఇరవై ఒకటి," అన్నాడు మాంత్రికుడు. "చెరి రెండు ముక్కలు, అన్నీ వెల్లకిలా. బొమ్మకు పది, ఆసుకు ఒకటో పదకొండో, ఎవరిష్టం వాళ్ళది. చాలకపోతే ఇంకోటి అడుగు. ఇరవై ఒకటి దాటావా, పోయావు. దాటకుండా ఎవరికి ఎక్కువుంటే వాళ్ళదే ఆట. సమానమైతే నాది. ముందు నువ్వు, తర్వాత నేను."

"మరి నీకు కట్టుబాటేమీ లేదా?"

"పదిహేడు వచ్చేదాకా నేను లాగి తీరాలి. వచ్చాక ఆగి తీరాలి. తప్పితే ఆ చిలుక చస్తుంది. నా ప్రాణం దాంట్లోనే ఉంది. మూడాటల్లో ఒక్కటి గెలువు, నీ అన్నల్ని తీసుకుపో. మూడూ ఓడితే నువ్వూ రాయివే."

మొదటి ఆట. రాకుమారుడికి పదిహేను, మాంత్రికుడికి పదమూడు.

"ఇంకోటి, ఇంకోటి!" అన్నాడు రాకుమారుడు. ఎనిమిది పడింది. ఇరవై మూడు! మోకాళ్ళ దాకా రాయైపోయాడు.

రెండో ఆట. ఇద్దరికీ పద్దెనిమిది. ఈసారి రాకుమారుడు హడలిపోయి, "చాలు" అన్నాడు. సమానం కాబట్టి ఆట మాంత్రికుడిది. నడుం దాకా రాయి.

"ముగ్గురన్నదమ్ములూ నా వాకిట్లో వరసగా బాగుంటారు," అని నవ్వాడు మాంత్రికుడు.

తాబేలు మెడ చాచింది. "మొదట తొందరపడి అడిగావు. తర్వాత భయపడి ఆగావు. రెండుసార్లూ నీ ముక్కలే చూసుకున్నావు. అతనివి చూడు నాయనా."

మూడో ఆట. రాకుమారుడికి పన్నెండు, మాంత్రికుడికి పదహారు.

"పన్నెండేనా! అడగవయ్యా, మొహమాటమెందుకు?"

రాకుమారుడి చెయ్యి ముక్క కోసం లేచింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మాంత్రికుడి పదహారును చూశాడు. అతను లాగక తప్పదు. అయిదు దాటిన ముక్క పడితే అతని పని అయిపోయినట్టే.

"నాకు చాలు. నువ్వు లాగు."

"పదహారు ఎక్కువా, పన్నెండు ఎక్కువా? నేను లాగను, ఆట నాదే!" అన్నాడు మాంత్రికుడు. అంతే, చిలుక మెడ వాల్చేసింది. మాంత్రికుడు గుండె పట్టుకున్నాడు. "పంచు! పంచవే!"

చంపకవల్లి ముక్క తిప్పింది. తొమ్మిది. ఇరవై అయిదు!

రాకుమారుడి కాళ్ళు మళ్ళీ మామూలు కాళ్ళయ్యాయి. వాకిట్లో రాళ్ళు కదిలాయి. పెద్దన్న లేచి దుమ్ము దులుపుకుంటూ, "ఏదీ, నన్నూ ఒక్క ఆట..." అన్నాడు.

"నోరు మూసుకుని తాబేలెక్కు అన్నయ్యా!"

"నేనూ వస్తాను," అంది చంపకవల్లి. "రాళ్ళ మధ్య కూర్చుని పంచీ పంచీ విసిగిపోయాను."

నీలవరంలో ఉదయకేతుకూ చంపకవల్లికీ పెళ్ళి ఏడు రోజులు జరిగింది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. వాళ్ళ రాజ్యం వాళ్ళది, మన పని మనది. ఇక లేవండి పిల్లలూ.