తోమాసుగారి ఖాళీ చెయ్యి

ఇన్నయ్య మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ముందు ముక్కుపొడుం పట్టించేవారు, తర్వాత తమ ఊరి సంగతేదో ఎత్తుకునేవారు. ఊరి గుడి చూసుకుంటూ జపాలు నేర్పే ఉపదేశి పనికి శిక్షణకు వచ్చిన మాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ పొడుం వాసన తగిలితే చాలు, కళ్ళు చెమరుస్తాయి.

ఒకరోజు నా తోటి శిష్యుడు బాలశౌరి రుసరుసలాడుతూ వచ్చాడు. "మాస్టారూ, తోమాసుగారి పండగ జులై మూడుకి మారి ఇన్నేళ్ళయింది. మా ఊరి ముసలాళ్ళు ఇంకా డిసెంబరు ఇరవై ఒకటినే గుడి తెరవమంటారు. ఈసారి తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంటాను. అసలు పండగేదో వాళ్ళకు తెలియాలిగా!"

"వెయ్యి నాయనా, నేనూ వేశాను" అన్నారు మాస్టారు.

ఆయన పాతమల్లవరంలో కుర్ర ఉపదేశిగా ఉన్నప్పటి మాట. అక్కడి గుడిలో ఏసు శిష్యుడైన అర్చ్యశిష్ట తోమాసుగారి స్వరూపానికి ఒక చేతిలో బల్లెం ఉండేది, ఆయన్ని పొడిచి చంపిన బల్లెం. రెండో చెయ్యి ఖాళీ. ఆయన ఇళ్ళు కట్టే మేస్త్రీ అని పెద్దలు చెప్పేవారు గనక, పండగనాడు తెల్లవారుతూనే వడ్రంగి చిన్నప్ప తన తాతలనాటి టేకు మూలమట్టం తెచ్చి ఆ చేతిలో పెట్టేవాడు. పెట్టాకే గంట. మంచులో ఆ గంట, బంతిపూల వాసన, కొత్తబియ్యం పరమాన్నం... చెబుతూ మాస్టారు మరోసారి పొడుం పట్టించారు.

పంపకాల్లో మాటా మాటా పెరిగి, చిన్నప్ప తమ్ముడు రాయప్ప ఆ మూలమట్టం పట్టుకుని భిలాయి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు స్వరూపం చెయ్యి ఖాళీగానే ఉంది. ఏడో ఏట వేసవిలో ఒక కార్డు వచ్చింది. "అన్నా, తప్పు నాదే. తోమాసుగారి పండక్కి వస్తాను. మూలమట్టం ఆయన చేతిలో పెట్టి నీ కాళ్ళు పట్టుకుంటాను." చిరునామా రాయలేదు. చిన్నప్ప ఆ కార్డు ఊరంతా తిప్పి చూపించాడు.

సరిగ్గా ఆ ఏడే రోము నుంచి పండగల కొత్త పట్టిక వచ్చి పండగ జులైకి మారింది. మాస్టారు ఊళ్ళో డప్పు వేయించారు. జులై మూడున చిన్నప్ప వానలో తడుస్తూ పొద్దుగూకేదాకా బస్సుల దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు రాలేదు. "వాడి మాట నీటిమీద రాత" అని కార్డు పొయ్యిలో పడేశాడు. భిలాయిలో ఉన్నవాడికి పండగంటే ఏ నెలో, ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు.

డిసెంబరు ఇరవై ఒకటి వచ్చింది. ఊరంతా కోతల్లో ఉంది. ముసలాళ్ళు గుడి తెరవమంటే మాస్టారు "పండగా లేదు, గిండగా లేదు" అని తాళం వేసి పొలం పోయారు. సాయంత్రం వచ్చేసరికి ఆ తాళానికి బంతిపూల దండతో మూలమట్టం వేలాడుతోంది. మేకలు కాసే ఆరోగ్యమ్మ చెప్పింది: "ఎవరో బాబు పొద్దున్నుంచీ మెట్లమీద కూర్చున్నాడు. పండగ లేదా అమ్మా అంటే, ఇప్పుడు పండగెక్కడిదయ్యా అన్నాను. 'నా మీద కోపంతో అన్న పండగే మాన్పించాడన్నమాట' అంటూ బస్సెక్కి పోయాడు."

చిన్నప్ప పరుగున వచ్చి, మూలమట్టాన్ని గుండెకు అదుముకుని బావురుమన్నాడు. మాస్టారిని తిట్టలేదు. ఒక్క మాట అడిగాడు.

"ఊరంతా డప్పు వేయించారు ఉపదేశిగారూ. మావాడికెవరు చెప్పారు?"

ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ చిన్నప్ప ఏటా ఆ రోజున గుడిమెట్ల మీదే కూర్చున్నాడు. రాయప్ప మళ్ళీ రాలేదు.

బాలశౌరి మెల్లగా అడిగాడు. "అయితే మాస్టారూ, అసలు పండగ ఏ రోజంటారు?"

"జులై మూడేనోయ్, సందేహమెందుకు? పూజ ఆ రోజే చేయించు" అని మాస్టారు పొడుం డబ్బీ మూశారు. "డిసెంబరు ఇరవై ఒకటిన మాత్రం తాళం వెయ్యకు."